పద్నాలుగో అంతస్తు

జూన్ 3

ఈ రోజు తిరిగింది పదకొండో రికార్డింగ్ స్టూడియో. మిగతా పదింటిలో ఏం జరిగిందో విడివిడిగా రాసుకోనక్కర్లేదు. అన్నిచోట్లా ఒకటే జరిగింది. అనుభవం ఉందా అని అడుగుతారు. అనుభవం కోసమే ఇంటర్న్‌షిప్ అడుగుతున్నానంటాను. అనుభవం లేనివాళ్ళని ఇంటర్న్‌గా ఎలా పెట్టుకుంటామని నొచ్చుకుంటారు. ఈ పదకొండో ఆయన మాత్రం కొత్తగా, నా చెవులు చూపించమన్నాడు. జుట్టు వెనక్కి పెట్టి చూపించాను. రెండూ చూసి, బాగానే ఉన్నాయి, కబురు చేస్తామన్నాడు.

ఇంటికొచ్చాక అక్క ఏమీ అడగలేదు. అడగకుండా ఎలా అడగాలో అక్కకి బాగా తెలుసు.

జూన్ 4

కబురు రాలేదు.

జూన్ 5

కబురు రాలేదు. నేనేమీ ఎదురుచూడటం లేదు. ఫోను స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది టైము చూసుకోవడానికి.

జూన్ 6

అక్క చివరికి నోరు తెరిచింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గరి అమ్మాయి మానేస్తోందట. జులై ఒకటి లోపల నా సౌండు చదువు ఏదో ఒక దారి పట్టకపోతే, ఆ కుర్చీలో నేను కూర్చోవాలి. నిలబడి ఉద్యోగం వెతికేకంటే కూర్చుని చేసేది మేలు కదా అంది. చెవుల చదువు చదివినా చివరికి జనం చెవులకి కళ్ళజోళ్ళు తగిలించే యోగం పట్టిందని బావ నవ్వాడు. అక్క చూసిన చూపుకి కంచంలోకి తల దించేశాడు.

తల దించుకునే ఒక సంగతి చెప్పాడు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. అతను చూసుకునే ఒక పన్నెండంతస్తుల బిల్డింగు మీద ఈమధ్య ఇంకో రెండు అంతస్తులు వేశారు. లిఫ్టులో అంతస్తు పేరు చెప్పే ఆడగొంతుకి పన్నెండు దాటి లెక్క రాదు. సరే అని మొత్తం కొత్త గొంతుతో పెట్టి చూశారట. పాత గొంతుకి అలవాటుపడ్డవాళ్ళు సగంమంది, చెప్పింది తమకి కాదనుకుని లోపలే నిలబడిపోయారట. దాంతో అసోసియేషన్ వాళ్ళు మీటింగు పెట్టి, పాత గొంతే కావాలని తీర్మానం చేశారు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ గొంతు రికార్డు చేసిన స్టూడియోకి రేపు బావ వెళ్తున్నాడు.

"నువ్వూ రా. ఉద్యోగం మాత్రం అడగకు. నా వెనకాల నిలబడు, చాలు," అన్నాడు.

జూన్ 7

అడిగేశాను.

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు పైన ఉంది స్టూడియో. మెట్లన్నీ ఆవిరి వాసన. లోపల గోడలకి తివాచీ అంటించారు, నేలకి మాత్రం లేదు. యజమాని యాభై దాటిన మనిషి. మాట్లాడితే ఎక్కడ సౌండు మీటరు ముల్లు కదులుతుందోనని భయపడుతున్నట్టు గుసగుసగా మాట్లాడతాడు. పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. ఈ డైరీలో ఆయన్ని నిశ్శబ్దంగారు అని రాసుకుంటాను.

పాత టేపు వెతికి పెట్టాడు. ఒకటో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తు దాకా, తర్వాత తలుపులు తెరుచుకుంటున్నాయి, తలుపులు మూసుకుంటున్నాయి. అంతే. శుభ్రమైన గొంతు. ఎనిమిదో అంతస్తు చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నవ్వు ఉంది, ఎందుకో తెలియదు.

ఉన్న ముక్కలే కత్తిరించి అతికిస్తే సరిపోతుంది, మనిషితో పనిలేదన్నాడు నిశ్శబ్దంగారు. ఆయన అసిస్టెంటు పోయిన నెలే మానేశాడట. అప్పుడే నోరు జారాను. బావ నా కాలు తొక్కాడు. ఆయన పదమూడు, పద్నాలుగు చేసి తీసుకురా, తర్వాత చూద్దామన్నాడు. పెదాలు అలాగే కదిలాయి మరి.

జూన్ 10

పదమూడు వచ్చింది. పదకొండులోని 'పద' కత్తిరించి మూడో అంతస్తుకి ముందు పెట్టాను. పదమూడో అంతస్తు. అతుకు ఎక్కడుందో నాకే వినపడలేదు. ఇరవైసార్లు విన్నాను. అక్కకి వినిపించాను. లిఫ్టులాగే ఉంది కదా, ఇందులో నువ్వు చేసిందేముంది అంది. ఇంతకంటే మెప్పు ఏం కావాలి.

పద్నాలుగు రావడం లేదు.

జూన్ 11

రావడం లేదు. ఆ దకారం కింద నకారం లేదు. 'పద' తీసి నాలుగో అంతస్తుకి ముందు పెడితే, "పద, నాలుగో అంతస్తు" అంటోంది. ఎవరినో వెంటబెట్టుకుని వెళ్తున్నట్టు ఉంది.

జూన్ 12

మధ్యలో ఖాళీ తగ్గించాను. ఇప్పుడు తొందరపెడుతున్నట్టు ఉంది.

బావ పెట్టి చూద్దామన్నాడు, పెట్టి చూశాం. పద్నాలుగులో కొత్తగా దిగిన ఒక పెద్దాయన పైదాకా వచ్చి, "పద, నాలుగో అంతస్తు" అని వినగానే బుద్ధిగా నాలుగు నొక్కి కిందకి వెళ్ళిపోయాడు. అక్కడ తాళంచెవి తిప్పుతూ కాసేపు అవస్థ పడ్డాడట. బావ ఇంకో చిక్కు చెప్పాడు. ఆ పాత మిషన్‌లో చెప్పాల్సిన మాట పూర్తిగా అయిపోతేగానీ తలుపు తెరుచుకోదు. కాబట్టి ఏం చేసినా పొట్టిగా చెయ్యి అన్నాడు.

జూన్ 13

నిశ్శబ్దంగారు విని తల అడ్డంగా ఊపాడు. పాత రిజిస్టరులోంచి ఒక అడ్రసు రాసిచ్చాడు. ఆ గొంతుగల ఆవిడ ఇప్పటికీ అక్కడే బట్టలు ఆల్టర్ చేసే షాపు నడుపుతోందట. ఆమె నోటి నుంచి ఆ ఒక్క మాట తెస్తే ఇంటర్న్‌షిప్ నాదే. ఈసారి పెదాలే కాదు, చేతులతో కూడా చెప్పాడు.

ఒక షరతు. లిఫ్టు మాట ఎత్తకూడదు. తన గొంతు లిఫ్టులో ఉందని ఆమెకి తెలియదు. ఎందుకు తెలియదని అడిగితే, తెలియాల్సిన అవసరం రాలేదన్నాడు.

జూన్ 14

బావ ప్యాంటు ఒకటి, సంచిలో రికార్డరు పెట్టుకుని వెళ్ళాను. ఇందులో మోసమేమీ లేదు. ప్యాంటు నిజంగానే పొడుగు.

రెండు మిషన్లు పట్టేంత షాపు. టైలరమ్మకి యాభైఐదు ఉంటాయేమో. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేస్తుంది, కాబట్టి మాట్లాడదు. ఏదో కూనిరాగం తీస్తూ ఉంటుంది. బాటమ్ పద్నాలుగు అంగుళాలు పెట్టండి ఆంటీ, అన్నాను. సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని చెప్పింది.

"ఫోర్టీన్ పెడితే మీవాళ్ళకి పాదం దూరదమ్మా."

ఫోర్టీన్.

జూన్ 15

ఇంకో ప్యాంటు తీసుకెళ్ళాను. తెలుగులో చెప్పరా ఆంటీ కొలత, అన్నాను. ప్యాంటుకి తెలుగేంటమ్మా అని నవ్వింది. నవ్వు విన్నాను. ఎనిమిదో అంతస్తులో ఉన్నది అదే.

బావకి ప్యాంట్లు రెండే మిగిలాయి. ఒకటి పాదం దూరనిది.

జూన్ 17

చెప్పేశాను. అంటే సగం.

స్టూడియో నుంచి వచ్చానన్నాను. ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. తర్వాత మిషను ఆపి, "ఇన్నాళ్ళకి కబురు చేశారన్నమాట," అంది.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె పాడటానికి వెళ్ళిందట. తనే కట్టుకున్న పాట. మైకు ముందు నిలబెట్టి, ముందు మైక్ టెస్టు అన్నారట. పన్నెండు అంతస్తులు లెక్కపెట్టమన్నారు. తలుపుల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఉచ్చారణ చూస్తున్నారు కాబోలనుకుంది. ఎనిమిది దగ్గర, పాట ఎప్పుడు పాడిస్తారో అని నవ్వొచ్చిందట. టెస్టు అయ్యాక, బాగా చెప్పారు, పాటకి కబురు చేస్తామన్నారు. ఇంటికొచ్చింది. ఆ ఏడాదంతా మిషను తొక్కుతూ కూడా వీధి గుమ్మం కనపడేట్టే కూర్చుందట. ఇప్పటికీ మిషను అలాగే ఉంది, గుమ్మానికి ఎదురుగా.

"ఏ రోజు రమ్మన్నారు?" అని అడిగింది.

గురువారం అన్నాను.

నేను అబద్ధమాడలేదు. ఆమె పాట కోసమా అని అడగలేదు, నేను కాదని చెప్పలేదు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగాను, అంతే.

జూన్ 18

నిశ్శబ్దంగారికి చెబితే మెచ్చుకున్నాడు. ఎలాగూ వస్తోంది కాబట్టి పాడనిద్దాం, ఎర్ర లైటు వెలిగించు, రికార్డు మాత్రం నొక్కకు, డిస్కులో జాగా దండగ అన్నాడు. పాట అయ్యాక మైక్ టెస్టని చెప్పి పద్నాలుగు అనిపించాలి. అప్పుడు నొక్కాలి. ఇది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతేనట.

రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆకలి లేక.

జూన్ 20

గురువారం. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మకం కుదరదు.

పదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకే వచ్చింది. ఇస్త్రీ మడత నలగని చీర, చేతిలో రాసుకున్న కాగితం. మెట్ల మీద ఆమె అడుగులు వినగానే నిశ్శబ్దంగారు మొహం తుడుచుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఈ స్టూడియోలో కబురు చేస్తామని చెప్పిన మనిషి ఆయనే. గుర్తుపడుతుందేమోనని డ్రమ్స్ వాయించే గాజు బూత్‌లో దూరి తలుపేసుకున్నాడు. దాని గాజుకి పాత దుప్పటి కప్పి ఉంది. ఒక మూల తొలగించుకుని నాకు సైగలు చేస్తూ కూర్చున్నాడు. రికార్డింగప్పుడు ఏసీ ఆపేస్తాం. ఆ బూత్‌లోకి గాలి వచ్చే దారి వేరే ఏదీ లేదు.

ఎర్ర లైటు వెలిగించాను. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. పాట మొదలైంది. "ఎండా నువ్వు కూర్చో, నీడ ఇప్పుడే వస్తుంది" అని మొదటి మాట. ఎండని చుట్టంలా కూర్చోబెట్టి, అవీ ఇవీ మాట్లాడి, సాయంత్రం దాకా కదలనివ్వని ఒకావిడ పాట. మాట్లాడితే అంత శుభ్రంగా ఉండే గొంతు, పాటలో కొంచెం బెరుకుగా ఉంది. రెండో చరణంలో శ్రుతి జారింది. జారిన సంగతి ఆమెకి తెలిసింది, ఆగలేదు. నేను కూడా మీటరు చూడటం మర్చిపోయాను.

ఎప్పుడో మధ్యలో రికార్డు బటన్‌కి నా వేలు తగిలి ఉంటుంది. మొదట్లోనే తగిలి ఉంటుంది, ఎందుకంటే పాట మొత్తం ఉంది.

ఇంకోసారి పాడతానంది. పాడింది. మళ్ళీ ఇంకోసారి అంది. బూత్‌లో నిశ్శబ్దంగారు చొక్కా విప్పేశాడు. మెడ మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. ఆపేయమనో, చచ్చిపోతున్నాననో తెలియలేదు. మూడోది కూడా అయింది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, మైక్ టెస్టుకి పదమూడు, పద్నాలుగు అని అంతస్తులు చెప్పమన్నాను.

"పాడేశాక టెస్టేంటమ్మా? వండేశాక పొయ్యి వెలిగిందా లేదా అని చూస్తారా ఎవరైనా?"

ఆమె చూస్తూ నిలబడింది. చూపు తిప్పలేదు. అప్పుడు చెప్పాను, మిగతా సగం. లిఫ్టు, పన్నెండంతస్తులు, పంతొమ్మిదేళ్ళు, అసోసియేషన్ తీర్మానం, బావ, నా ఇంటర్న్‌షిప్. ప్యాంట్లు కూడా.

కోప్పడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుంది. రోజూ పలుకుతోందా నా గొంతు అని అడిగింది. రోజూనండి అన్నాను. ఎంతమంది ఎక్కుతారని అడిగితే, పొద్దున్నించి సాయంత్రానికి ఐదారువందల సార్లన్నా ఎక్కిదిగుతారని బావ చెప్పింది చెప్పాను.

"అంతమందిలో ఒక్కళ్ళకీ అనిపించలేదా, ఈవిడ పాడుతుందేమోనని?"

హెడ్‌ఫోన్స్ తీసి, వైరు చక్కగా చుట్టి, కొక్కేనికి తగిలించింది. అంకెలు ఇంక చెప్పనంది. కావాలంటే పాట వాడుకోండి అంది.

అదే సమయానికి బూత్ తలుపు తెరుచుకుని నిశ్శబ్దంగారు బనీనుతో బయటపడ్డాడు. ఆయన్ని చూసీ చూడగానే గుర్తుపట్టింది. కబురు చేస్తానన్నది నువ్వే కదా అని అడిగింది. ఆయన ఏదో గుసగుసలాడాడు. ఆమెకి వినపడలేదు, ఏంటి అంది. మళ్ళీ గుసగుసలాడాడు. ఏంటి అంది.

"చేద్దామనే అనుకుంటున్నానండీ," అని అరిచాడు. ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. చాలా పెద్ద గొంతు. కింద ఇస్త్రీవాళ్ళు ఏమైందోనని పైకి వచ్చారు.

జూన్ 21

నిశ్శబ్దంగారు మళ్ళీ గుసగుసలోకి వెళ్ళిపోయాడు. ఆ "పద, నాలుగో" ముక్కనే ఇంకొంచెం కుదించి బావకి పంపించేయమన్నాడు. ఇంటర్న్‌షిప్ మాట ఎత్తలేదు. నేను ఎత్తితే పెదాలు కదపలేదు.

జూన్ 22

పద్నాలుగు అని పేరు పెట్టిన ఫైలు బావకి పంపించాను.

జూన్ 24

పంపేముందు ఒకసారి తెరిచి వినాల్సింది. ఫైళ్ళ పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఎవరికైనా జరిగేదే.

జూన్ 25

బావ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. పద్నాలుగో అంతస్తుకి వెళ్ళిన లిఫ్టు ఆగి, తలుపు తెరవకుండా మూడు నిమిషాల నలభై సెకన్లు పాట పాడుతోందట. అక్కడ కాపురం ఉంటున్నవి రెండే కుటుంబాలు. ఒక కుటుంబం తీసేయమని రాతపూర్వకంగా ఇచ్చింది. మొన్న నాలుగో అంతస్తులో తాళం తిప్పిన పెద్దాయనది రెండో కుటుంబం. పాట అయ్యేలోపు తాళంచెవి వెతుక్కోవడానికి వీలుగా ఉంది, ఉంచమని ఆయన రాతపూర్వకంగా ఇచ్చాడు.

వీళ్ళకంటే పెద్ద గొడవ పదమూడో అంతస్తు వాళ్ళది. వాళ్ళతో సమానంగానే మేమూ మెయింటెనెన్స్ కడుతున్నాం, మాకు పాట ఎందుకు లేదని సెక్రటరీని నిలదీశారట.

"నిజం చెప్పు. పొరపాటేనా?" అని అడిగాడు బావ.

పొరపాటే అన్నాను. బావ, ఆ మిషను పాతది, ఫైలు మార్చాలంటే శనివారం దాకా కుదరదని ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మిషనులో ఫైలు మార్చడం ఐదు నిమిషాల పని.

జూన్ 27

లిఫ్టు కంపెనీ వాళ్ళు నిశ్శబ్దంగారిని సంజాయిషీ అడిగారు. తప్పు ఇంటర్న్‌దని రాసిచ్చేశాడు. ఆ ఇంటర్న్ నియామకపు కాగితం పంపమన్నారు. లేదు. ఇంటర్న్ లేకపోతే తప్పు ఎవరిదని అడిగారు.

నన్ను పిలిపించాడు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి జూన్ 7 తారీకుతో, నన్ను ఇంటర్న్‌గా తీసుకున్నట్టు. రెండోది ఇవాళ్టి తారీకుతో, తీసేసినట్టు. రెండిటి మీదా ఒకేసారి సంతకం పెట్టించుకున్నాడు. కాబట్టి ఇరవై రోజుల నుంచీ నేను ఇంటర్న్‌ని, నాకే తెలియదు. తెలిసిన క్షణానికి ఇంటర్న్‌ని కాదు.

లేచి వస్తుంటే ఆగమన్నాడు. పద్ధతి ప్రకారం ఉండాలి కదా అని అనుభవపత్రం కూడా టైపు చేసిచ్చాడు. 'ఎడిటింగులోను, స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకోవడంలోను నైపుణ్యం కలదు' అని ఉంది. వ్యంగ్యమో కాదో ఆయన మొహం చూస్తే తెలియలేదు.

అక్క మూడు కాగితాలూ చదివింది. మొదటిదీ మూడోదీ ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచింది. రెండోది కిరాణా లిస్టు రాయడానికి వెనక్కి తిప్పింది.

జూన్ 28

మొదట తిరిగిన పదకొండింటిలో నాలుగో స్టూడియోకి ఫోన్ చేశాను. అనుభవం ఉందా అన్నారు. ఉందన్నాను. నా నోటితో ఆ మాట నాకే కొత్తగా వినపడింది. మంగళవారం పొద్దున్న కాగితాలతో రమ్మన్నారు. అది అక్క పెట్టిన జులై ఒకటికి మర్నాడు. ఒక్కరోజు ఓపిక పట్టమని అక్కని అడిగాను. సోమవారం కళ్ళజోళ్ళ షాపుకి సెలవని చెప్పింది. కనుక్కుంటే సెలవు లేదు.

జూన్ 29

శనివారం. బావ పన్నెండింటికి ఫైలు తీసేస్తాడు. పదకొండుకల్లా టైలరమ్మని తీసుకెళ్ళాను. షాపు మూసి రావడానికి మొదట ఒప్పుకోలేదు. లిఫ్టులో పాట వేశారని నేను చెబితే నమ్మలేదు కూడా. ఒకసారి నమ్మాను కదమ్మా, చాలు అంది. తీరా ఆటో పిలిచాక తాళం వేసి వచ్చింది.

లిఫ్టు ఎక్కాం. "తలుపులు మూసుకుంటున్నాయి," అంది లిఫ్టు. టైలరమ్మ పైన స్పీకరు జాలీకేసి చూసి, అప్పుడు ఎంత చిన్నగొంతు అంది. దారిలో మూడులో ఒకరు, ఎనిమిదిలో ఇద్దరు ఎక్కి దిగారు. ఒక్కో అంతస్తు పేరు చెప్పినప్పుడల్లా ఆమె పెదాలు దానితోపాటే కదిలాయి. ఎనిమిది దగ్గర నవ్వలేదు.

పద్నాలుగు వచ్చింది. లిఫ్టు ఆగింది. ఇద్దరమే ఉన్నాం. పాట మొదలైంది.

ఆమె అద్దంలో నన్ను చూడలేదు, తనని చూసుకోలేదు. చేతిసంచి గుండెకి ఆనించుకుని, ఇంకెవరి బట్టో కొలత సరిగ్గా వచ్చిందా లేదా అని చూస్తున్నట్టు, తల వంచి విన్నది. మొదటి చరణం అయింది. రెండోది వచ్చింది, జారింది. కళ్ళు మూసుకుంది. నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. బాగుంది ఆంటీ అందామనుకున్నాను. పాట పూర్తయింది.

"రెండో చరణం జారింది. మళ్ళీ పాడాలి," అంది. బాధేమీ లేదు గొంతులో. ఒక కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాలని చెప్పినట్టే చెప్పింది. నా రికార్డరు తీసుకుని రేపు షాపుకి రమ్మంది. మిషన్లు ఆపేస్తుందట.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఆ పెద్దాయన, చేతిలో సంచి, వేలికి తాళంచెవి. కిందకి పోవడానికి వచ్చాడో, పైకి వచ్చి ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడో చెప్పలేను.

"ఇది ఎన్నోది?" అన్నాడు.

"పద్నాలుగో అంతస్తు," అంది టైలరమ్మ.

అతుకు లేకుండా, దకారం కింద నకారంతో. రికార్డరు నా సంచిలోనే ఉంది. నేను దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

పెద్దాయన ఆమెని చూడలేదు. తలెత్తి, పైన జాలీ వైపు చూసి, థాంక్స్ అమ్మా అన్నాడు.